కుదుపులకు తట్టుకునే పవర్ స్విచ్: రాకెట్ ఎలక్ట్రానిక్స్‌కు ఏది నమ్మదగినది?

అనంత నింగి, అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. మా కళాశాల బృందం తయారుచేస్తున్న రాకెట్‌లో ఫ్లైట్ కంప్యూటర్‌కు ఏ పవర్ స్విచ్ పెట్టాలనే విషయం తేలక, పని అక్కడే ఆగిపోయింది. రాకెట్ బరువు సుమారు 2.5 కిలోలు, మోటారు సగటు థ్రస్ట్ 300 న్యూటన్లు. గురుత్వాన్ని తీసేస్తే పైకి లేచేటప్పుడు 11 జీ (భూమి గురుత్వ త్వరణానికి 11 రెట్లు) త్వరణం వస్తుంది. బోర్డు మేము సొంతంగా చేసుకున్నదే: ఏటీమెగా328పీ చిప్పు, బీఎంపీ280 పీడన సెన్సర్, రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ, రెండు ఇ-మ్యాచ్‌లు (కరెంటు ఇస్తే మండి, పారాచూట్‌ను నెట్టే మందును అంటించే వత్తులు). గరిష్ఠ ఎత్తుకు చేరగానే మొదటి ఇ-మ్యాచ్ చిన్న పారాచూట్‌ను, దిగుతూ 150 మీటర్లకు వచ్చాక రెండోది పెద్ద పారాచూట్‌ను బయటికి నెట్టాలి.

ప్రస్తుతానికి బోర్డు మీద ఉన్నది మామూలు చిన్న స్లయిడ్ స్విచ్. బల్ల మీద పరీక్షిస్తూ, స్విచ్ పక్కన స్క్రూడ్రైవర్ పిడితో గట్టిగా తడితే, స్విచ్ మీట అంగుళం కాదు కదా వెంట్రుకవాసి కూడా కదలలేదు కానీ, బోర్డు మాత్రం రీసెట్ అయి మొదటి బీప్ మళ్ళీ వినిపించింది. మీట ఆన్ వైపే ఉండగా కరెంటు ఎలా తెగింది? మీటకు టేపు వేస్తే సరిపోతుందని బృందంలో కొందరు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. దయచేసి అనుభవజ్ఞులు చెప్పగలరు.

గండికోట గాలి, జమ్మలమడుగు

తమ్ముడూ, మేము డ్రోన్లలో స్విచ్చే పెట్టము. బ్యాటరీ కనెక్టర్ తగిలించడమే ఆన్ చేయడం, పీకడమే ఆఫ్ చేయడం. స్విచ్ లేకపోతే దాని తంటా కూడా ఉండదు. రాకెట్‌లోనూ అలాగే ఎందుకు చేయకూడదు?

బురుజు కింద, కర్నూలు

గండికోట గారూ, డ్రోన్‌కు, రాకెట్‌కు ఇక్కడ పెద్ద తేడా ఉంది. రాకెట్‌లో ఇ-మ్యాచ్‌లు, వాటి కొసన మందు బిగించి, ట్యూబు మూసేసిన తరువాత గానీ దాన్ని లాంచ్ రైలు (రాకెట్‌ను నిలువుగా పట్టి ఉంచే కడ్డీ) మీదికి ఎక్కించరు. కనెక్టర్ తగిలించాలంటే ట్యూబు తెరిచే ఉండాలి. అంటే బ్యాటరీ కలిసి ఉన్న స్థితిలో, మనుషుల చేతుల మధ్య, బల్ల మీదనే అంతా బిగించవలసి వస్తుంది. అది ఎవరూ చేయకూడని పని. రాకెట్ రైలు మీద నిలువుగా నిలబడ్డాక, చుట్టూ ఉన్నవారందరూ దూరంగా వెళ్ళాక, ఒకే ఒక్కరు బయటి నుంచి ఆన్ చేయగలిగేలా స్విచ్ ఉండి తీరాలి. కాబట్టి స్విచ్ తప్పదు. ఏ స్విచ్ అన్నదే ప్రశ్న.

పాలకొండ, కడప

అనంత నింగీ, ముందు రెండు లోపాలను విడదీసి చూడాలి. స్విచ్ మీటే జారి ఆఫ్ కావడం ఒకటి. మీట ఉన్నచోటే ఉన్నా, లోపలి స్ప్రింగు రేకు కాంటాక్టు నుంచి క్షణకాలం ఎడమై మళ్ళీ తాకడం రెండోది. మీరు బల్ల మీద చూసినది రెండోది. టేపు మొదటిదానికి మాత్రమే మందు. రెండోదానికి దాని వల్ల అణుమాత్రం ప్రయోజనం లేదు.

కొద్దిగా లెక్క వేసి చూద్దాం. స్లయిడ్ మీట బరువు 1 గ్రాము అనుకుంటే, 11 జీ దగ్గర దాని మీద పడే బలం 0.11 న్యూటన్లు. మీటను వేలితో కదపడానికే 2 న్యూటన్ల దాకా పడుతుంది కాబట్టి, మోటారు తోపుడుకు అది జారదు. లోపలి రేకు కదిలే భాగం 0.1 గ్రాము, అది కాంటాక్టును నొక్కే బలం 0.2 న్యూటన్లు అనుకోండి. నేరుగా జడత్వంతోనే అది ఎడం కావాలంటే 200 జీ కావాలి. ఇంతవరకు వింటే భయమేమీ లేదనిపిస్తుంది. అయితే ఆ రేకు ఒక స్ప్రింగు, దానికి తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. మోటారు మండేటప్పుడు ట్యూబు గోడల గుండా వచ్చే కంపనంలో ఆ పౌనఃపున్యం ఉంటే, రేకు ఊపు పదింతలు పెరగడం వింతేమీ కాదు. అప్పుడు 20 జీ కంపనమే 200 జీ పని చేస్తుంది.

డేటాషీట్ చదివేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. చాలా చిన్న స్విచ్‌ల డేటాషీట్లలో కంపన పరీక్ష కింద 10 నుంచి 55 హెర్ట్జ్, 1.5 మిల్లీమీటర్ల డబుల్ యాంప్లిట్యూడ్ (ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊపు) అని ఉంటుంది. 55 హెర్ట్జ్ దగ్గర 0.75 మిల్లీమీటర్ల ఊపుకు త్వరణం సెకను వర్గానికి 90 మీటర్లు, అంటే 9 జీ మాత్రమే. 55 హెర్ట్జ్ దాటాక ఆ స్విచ్ ఎలా ప్రవర్తిస్తుందో ఆ కాగితం ఒక్క ముక్క కూడా చెప్పదు. రాకెట్‌కు కావలసింది 500 హెర్ట్జ్, కుదిరితే 2000 హెర్ట్జ్ దాకా పరీక్షించిన భాగం. ఎంఐఎల్-ఎస్‌టీడీ-202 అనే అమెరికా సైనిక ప్రమాణంలో 204వ పద్ధతి అధిక పౌనఃపున్య కంపనానికి, 213వ పద్ధతి షాక్‌కు సంబంధించినవి. ఆ రెండు సంఖ్యలు కనిపిస్తే ఆగి చదవండి. చదివేటప్పుడు, పరీక్షలో కాంటాక్టు ఎంతసేపు తెగినా సరే అని అనుమతించారో కూడా వెతకండి. 1 మిల్లీసెకను అనుమతించిన స్విచ్‌కు, 10 మైక్రోసెకన్లే అనుమతించిన స్విచ్‌కు నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది.

అనంత నింగి, అనంతపురం

మేడం, చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. అయితే ఒక క్షణం తెగి మళ్ళీ కలిస్తే నష్టమేమిటని మా వాళ్ళు వాదిస్తున్నారు. బోర్డు సెకనులోపే తిరిగి ఆన్ అవుతుంది కదా అంటున్నారు.

పెన్నేటి గట్టు, తాడిపత్రి

బాబూ, ఆ వాదన ప్రమాదకరమైనది. మీ ప్రోగ్రాము ఆన్ అయిన వెంటనే ఏం చేస్తుందో చూడండి. చుట్టూ ఉన్న పీడనాన్ని కొలిచి, అదే భూమట్టమనీ, ఎత్తు సున్నా అనీ రాసుకుంటుంది. తరువాత ఎత్తు ఒక్కసారిగా పెరిగితే రాకెట్ లేచిందని గుర్తిస్తుంది. ఇప్పుడు రాకెట్ 300 మీటర్ల ఎత్తులో ఉండగా రీసెట్ అయిందనుకోండి. ఆ 300 మీటర్లే దానికి కొత్త సున్నా. మోటారు అప్పటికే ఆరిపోయి ఉంటే, రాకెట్ లేచిన గుర్తు దానికి ఇక దొరకదు. పైగా దిగుతున్నంతసేపూ ఎత్తు సున్నాకు కిందనే కనిపిస్తుంది కాబట్టి, 150 మీటర్లన్న షరతు ఎప్పటికీ నెరవేరదు. తన లెక్క ప్రకారం బోర్డు పనిచేస్తూనే, లాంచ్ రైలు మీద ఉన్నాననుకుంటూ, రాకెట్‌తో పాటు నేలకు గుద్దుకుంటుంది. ఒక మిల్లీసెకను తెగిన ఫలితం ఇది.

అందుకే స్విచ్ ఎంత మంచిదైనా, దాని వెనుక రెండు రక్షణలు పెట్టాలని నేను ఎప్పుడూ చెబుతుంటాను. మొదటిది, లేచాను, శిఖరం దాటాను, మొదటి పారాచూట్ వదిలాను అన్న దశలను, ముఖ్యంగా అసలు భూమట్టం పీడనాన్ని, ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకోవడం. మళ్ళీ ఆన్ అయినప్పుడు ప్రోగ్రాము ముందు అక్కడ చూడాలి. రెండోది కెపాసిటర్. మీ బోర్డులో చిప్పు, సెన్సర్ నడవడానికి 25 మిల్లీఆంపియర్లు పడుతుందనుకుందాం. 10 మిల్లీసెకన్ల తెంపును 1 వోల్టు పడిపోవడంతో దాటాలంటే, కరెంటును కాలంతో గుణించి వోల్టుతో భాగించగా 250 మైక్రోఫారడ్లు వస్తుంది. 470 మైక్రోఫారడ్లది వేస్తే నిశ్చింత.

ఆ కెపాసిటర్‌కు ముందు, కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే షాట్‌కీ డయోడ్ ఒకటి తప్పనిసరి. లేదంటే కెపాసిటర్‌లోని కరెంటు వెనక్కి పారి ఇ-మ్యాచ్ లైనులోకి పోతుంది. ఇ-మ్యాచ్ కాలేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది కదా, ఆ కుంగుడు కూడా డయోడ్ ఉంటే చిప్పు దాకా రాదు. అంటే స్విచ్ వల్ల వచ్చే రీసెట్‌ను, మందు పేలేటప్పుడు వచ్చే రీసెట్‌ను ఒకే ఏర్పాటు ఆపుతుంది. ఇ-మ్యాచ్ లైను మీద మాత్రం కెపాసిటర్ ఉండకూడదు. స్విచ్ ఆఫ్ చేశాక ఆ లైనులో కాస్త కరెంటు కూడా మిగలకూడదు.

ఇంకొక మాట. అందరూ స్విచ్ గురించే మాట్లాడుతున్నారు కానీ, బ్యాటరీ హోల్డర్ కూడా ఒక స్విచ్చే. ఏఏ సెల్లు బరువు సుమారు 23 గ్రాములు; 11 జీ దగ్గర అది 2.5 న్యూటన్ల బలంతో స్ప్రింగును నొక్కుతుంది. స్ప్రింగు అణిగితే సెల్లు రెండో కొస కాంటాక్టును వదిలేస్తుంది. 9 వోల్టుల బ్యాటరీల్లో కొన్నింటి లోపల సెల్లులను వెల్డింగ్ చేయకుండా నొక్కి పెట్టి ఉంచుతారు. బయటికి కనబడని ఆ అతుకే గాలిలో వదిలేయవచ్చు. మీరు లైపో వాడుతున్నారు, మంచిది. దాని కనెక్టర్‌ను జిప్ టైతో కట్టివేయండి.

నిర్వాహకులు

సభ్యులకు మనవి. చర్చ చక్కగా సాగుతోంది. మోటారు ఇంధనం, పారాచూట్ మందు మిశ్రమాల వివరాలు ఈ వేదికలో రాయకూడదన్న నియమాన్ని అందరూ పాటించాలి. వాటికి వేరే అనుమతులు, వేరే పర్యవేక్షణ అవసరం. చర్చ స్విచ్‌లకు, వైరింగుకు పరిమితం కానివ్వండి.

బురుజు కింద, కర్నూలు

నేను కంట్రోల్ ప్యానెళ్ళ పనిలో ఉన్నాను. మోటార్లు ఊగే చోట ఏ స్విచ్ నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది రోజూ చూస్తుంటాను కాబట్టి రకాల గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

రాకర్ స్విచ్ వద్దు. దాని ప్లాస్టిక్ మీట పెద్దది, బరువంతా ఒక పక్కన ఉంటుంది. టోగుల్ స్విచ్‌లో పొడవాటి మీట ఇరుసుకు బయట వేలాడుతుంది. పెట్టక తప్పకపోతే, మీటను పైకి లాగితే తప్ప మారని లాకింగ్ రకం ఎంచుకోవాలి. స్లయిడ్ స్విచ్ వాడేవారు మీట కదిలే దిశ రాకెట్ పొడవుకు అడ్డంగా ఉండేలా బిగించాలి.

రోటరీ స్విచ్‌ది వేరే సంగతి. తిరిగే భాగం బరువు ఇరుసు చుట్టూ సమానంగా పంచుకొని ఉంటుంది కాబట్టి, రాకెట్ ఏ దిక్కుకు ఎంత బలంగా కుదిపినా దాన్ని తిప్పే బలం పుట్టదు. విదేశాల్లో ఈ అభిరుచి ఉన్నవారు షుర్టర్ కంపెనీ చేసే 110, 220 వోల్టుల సెలెక్టర్ స్విచ్‌ను ఇందుకే ఎక్కువగా వాడతారు. అసలు అది పరికరాల వెనుక వోల్టేజి మార్చడానికి చేసినది. మధ్యలో స్క్రూడ్రైవర్ గాడి ఉంటుంది, తిప్పితే టక్కుమని కుదురుకుంటుంది, ట్యూబుకు చిన్న రంధ్రం చాలు. నేను పనిమీద హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠిలో ఇలాంటి రకాలు చూశాను. అనంతపురం వారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు దగ్గర. కొనేటప్పుడు ఒకటికి రెండు సార్లు తిప్పి చూడండి. కుదురుకునే చప్పుడు మెత్తగా ఉంటే తీసుకోవద్దు.

మన ప్రాంతపు దుమ్ము కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేరుశనగ చేలల్లో, ఎర్రమట్టి బీళ్ళలో రాకెట్ దిగినప్పుడు సన్నని దుమ్ము స్లయిడ్ స్విచ్ గాడిలోకి పోతుంది. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, కాంటాక్టు నిరోధం మాత్రం పెరుగుతుంది. కాబట్టి సీలు చేసిన రకాన్నే ఎంచుకోండి.

అనంత నింగి, అనంతపురం

బురుజు కింద గారూ, ధన్యవాదాలు. మా సీనియర్ ఒకరు అయస్కాంతంతో పనిచేసే స్విచ్ అయితే ట్యూబుకు రంధ్రమే అక్కరలేదని సూచించారు. రీడ్ స్విచ్ పది రూపాయలకే దొరుకుతోంది. ఇది వాడవచ్చా?

పెన్నేటి గట్టు, తాడిపత్రి

రీడ్ స్విచ్‌ను నేరుగా పవర్ లైనులో పెట్టవద్దు. గాజు గొట్టంలో రెండు పలుచని రేకులు ఎదురెదురుగా ఉంటాయి. పాలకొండ మేడం చెప్పిన ఊగే రేకు అంటే అచ్చంగా అదే. పైగా 470 మైక్రోఫారడ్ల ఖాళీ కెపాసిటర్ ఒక్కసారిగా నిండేటప్పుడు వచ్చే కరెంటుకు ఆ రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అతుక్కుంటే ఆఫ్ కావడం మానేస్తుంది.

హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది), లాచ్ (ఆన్, ఆఫ్ స్థితిని గుర్తుంచుకునేది), మాస్‌ఫెట్ (కరెంటును కలిపి తెంచే ట్రాన్సిస్టర్) కలిపి చేసిన అయస్కాంత స్విచ్ అయితే అందులో కదిలే భాగమే ఉండదు కాబట్టి కంపనానికి చలించదు. దానికి ఉన్న చిక్కు వేరు. బ్యాటరీ ఎప్పుడూ కలిసే ఉంటుంది, ఇ-మ్యాచ్‌కు, బ్యాటరీకి మధ్య ఉన్న అడ్డు ఒక సిలికాన్ ముక్క మాత్రమే. ఆ లాచ్ ఏ స్థితిలో ఉందో కంటికి కనబడదు. ఫ్లైట్ కంప్యూటర్ వరకైతే నాకు అభ్యంతరం లేదు కానీ, ఇ-మ్యాచ్ లైనుకు ఒక్కదాన్నే నమ్ముకోవడానికి నేను ఒప్పుకోను.

గండికోట గాలి, జమ్మలమడుగు

ఇంతసేపు చదివాక నాకు ఒక ఏర్పాటు తోచింది, తప్పుంటే దిద్దండి. గాలిలో ఉండగా కాంటాక్టు విడిపోతుందన్నదే కదా మన భయం. అసలు గాలిలో ఉన్నప్పుడు మూసి ఉండవలసిన కాంటాక్టే లేకుండా చేస్తే?

బ్యాటరీ ప్లస్ లైనులో ఒక పీ-ఛానల్ మాస్‌ఫెట్ పెడదాం. ఏఓ3401 వంటిది చాలు. దాని గేటు (ఆన్, ఆఫ్‌లను నిర్ణయించే కాలు) 12 వోల్టుల దాకా తట్టుకుంటుంది, మన లైపో నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులే. గేటును 100 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో నెగటివ్‌కు లాగుదాం. అప్పుడు మాస్‌ఫెట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఇప్పుడు గేటును సోర్సుతో (బ్యాటరీ ప్లస్ వైపు ఉన్న కాలితో) కలిపే ఒక తీగ పిన్నును ట్యూబు బయటి నుంచి గుచ్చుదాం. పిన్ను ఉన్నంతసేపూ గేటుకు, సోర్సుకు మధ్య వోల్టేజి సున్నా కాబట్టి మాస్‌ఫెట్ ఆఫ్. రైలు మీద నిలబెట్టి, ఎర్ర రిబ్బను కట్టిన పిన్నును లాగేస్తే ఆన్. ఆ తరువాత రాకెట్‌ను ఎంత కుదిపినా ఎడం కావడానికి అక్కడ ఏ రేకూ లేదు. పిన్ను ఉన్నప్పుడు రెసిస్టర్ గుండా పోయే కరెంటు 84 మైక్రోఆంపియర్లు. రోజంతా ఉంచినా 2 మిల్లీఆంపియర్-గంటలే ఖర్చు.

బురుజు కింద, కర్నూలు

ఆలోచన చాలా బాగుంది. అయితే తిరగేసి చూడండి: ఆన్ స్థితిలో కాంటాక్టు అక్కరలేదు నిజమే, ఆఫ్ స్థితిలో మాత్రం పిన్ను కాంటాక్టు విడవకుండా నిలబడాలి. రాకెట్‌ను జీపులో వేసుకొని గతుకుల దారిలో ప్రయోగ స్థలానికి తీసుకుపోయేటప్పుడు పిన్ను ఒక్క క్షణం వదిలితే బోర్డు ఆన్ అవుతుంది. మీ లోపం గాలిలో నుంచి నేల మీదికి, మనుషుల మధ్యకు వచ్చింది. గాలిలో తెగితే రాకెట్ పోతుంది. నేల మీద కలిస్తే చేతులు పోతాయి. ఈ రెండింటిలో ఏది ముందో మనకు సందేహం ఉండకూడదు.

పాలకొండ, కడప

ఇద్దరి మాటా సరైనదే, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు లైన్ల గురించి మాట్లాడుతున్నారు. చిప్పుకు పోయే లైను ఆన్ కావడం దానంతట అది ప్రమాదం కాదు. ఇ-మ్యాచ్‌కు పోయే లైనే ప్రమాదం. కాబట్టి వాటిని విడదీయండి. చిప్పుకు గండికోట గారి పిన్ను, మాస్‌ఫెట్ ఏర్పాటు పెట్టండి. ఇ-మ్యాచ్ లైనును మాత్రం లోహానికి లోహం నిజంగా విడిపోయే యాంత్రిక స్విచ్‌తో తెంచి ఉంచండి. అప్పుడు దారిలో పిన్ను వదిలినా బోర్డు బీప్ చేస్తుంది, అంతే. ఆ బీప్ మీకు హెచ్చరిక కూడా అవుతుంది.

ఇందులో చాలామంది పట్టించుకోని అంశం ఒకటి ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అందరూ మోటారు మండే 2, 3 సెకన్ల గురించే ఆలోచిస్తారు. స్విచ్‌కు అసలైన పరీక్ష ఆ తరువాత వస్తుంది. శిఖరం దగ్గర మందు పేలి, ట్యూబు రెండు ముక్కలుగా విడిపోయి, వాటిని కలిపే తాడు పూర్తిగా చాచుకొని గుంజినప్పుడు ఏవియానిక్స్ బేకు (బోర్డు, బ్యాటరీ ఉండే అరకు) తగిలే దెబ్బ కొద్ది మిల్లీసెకన్లే ఉన్నా, మోటారు తోపుడు కంటే ఎన్నో రెట్లు బలమైనది. ఆ సమయానికి రాకెట్ పల్టీలు కొడుతూ ఉంటుంది కాబట్టి, దెబ్బ ఏ దిక్కు నుంచి తగులుతుందో ముందుగా చెప్పలేము. పొడవుకు అడ్డంగా బిగించామన్న ధీమా అక్కడ పనికిరాదు. ఆ గుంజుడులో కరెంటు తెగితే చిన్న పారాచూట్ విచ్చుకుంటుంది, పెద్దది రాదు. రాకెట్ వేగంగా వచ్చి నేలను తాకిన తరువాత అందరూ పెద్ద పారాచూట్ మడతను తప్పుపడతారు, స్విచ్ ఆన్‌లోనే కనిపిస్తుంది కాబట్టి దాని జోలికి ఎవరూ పోరు. ఇ-మ్యాచ్ లైనులో స్ప్రింగు మీద ఆధారపడని స్విచ్ కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

పెన్నేటి గట్టు, తాడిపత్రి

మేడం అడిగిన స్ప్రింగు లేని స్విచ్ ఉంది: స్క్రూ స్విచ్. చేసుకోవడం కూడా తేలిక. చిన్న పీసీబీ ముక్క మీద రెండు రాగి ప్యాడ్లు ఉంటాయి. కింది వైపు ప్యాడ్‌కు ఇత్తడి నట్టును సోల్డర్ చేయాలి. స్టీలు నట్టుకు సోల్డర్ సరిగా అంటదు, నైలాన్ వలయం ఉన్న లాక్ నట్టు అయితే వేడికి కరిగిపోతుంది. పై వైపు రంధ్రం చుట్టూ రెండో ప్యాడ్ ఉంగరంలా ఉంటుంది. రంధ్రం గోడలకు రాగి పూత ఉండకూడదు. స్క్రూ బిగిస్తే దాని తల పై ప్యాడ్‌ను నొక్కుతుంది, మర కింది నట్టులో ఉంటుంది, లైను కలుస్తుంది. ఒకటిన్నర చుట్టు వదులు చేస్తే తలకు, ప్యాడ్‌కు మధ్య ఎడం కంటికి కనబడుతుంది. అతిగా బిగిస్తే రాగి ప్యాడ్ లేచిపోతుంది కాబట్టి, స్క్రూడ్రైవర్‌ను రెండు వేళ్ళతో పట్టుకొని బిగించినంత చాలు. బోర్డు వెనుక ఒక ఆపు పెట్టండి. లేకపోతే స్క్రూ పూర్తిగా ఊడి లోపల పడుతుంది.

స్విచ్ ఏదైనా తీగల దగ్గరే ఎక్కువ విరుగుతుంది. పేటల తీగకు సోల్డర్ పెట్టినప్పుడు అది ఇన్సులేషన్ కిందికి పాకి, కొంత దూరం తీగను కడ్డీలా బిగుసుకునేలా చేస్తుంది. ఆ బిగుసుకున్న భాగం ముగిసే చోటనే కంపనానికి పేటలు ఒక్కొక్కటిగా తెగుతాయి. అందుకే అతుకు దాటాక ఒకటి రెండు సెంటీమీటర్లలోపే తీగను బోర్డుకు కట్టివేయాలి. చాలామంది హాట్ గ్లూతో అతికిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రంగు వేసిన రాకెట్ ట్యూబు ఎండలో నిలబడితే లోపలి వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడికి హాట్ గ్లూ మెత్తబడి పట్టు వదులుతుంది. ఎపాక్సీ గానీ, సిలికాన్ ఆర్‌టీవీ గానీ వాడండి. సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. కెపాసిటర్‌ను పడుకోబెట్టి దానితోనే అతికించండి, నిలబెడితే కాళ్ళు విరుగుతాయి.

అనంత నింగి, అనంతపురం

పెన్నేటి గట్టు సార్, మేడం, ఈ ఏర్పాటును ఎగరేయకముందే పరీక్షించే మార్గం ఏదైనా ఉందా? మా దగ్గర కంపన పరీక్ష యంత్రం లేదు. మల్టీమీటర్ పెట్టి ఊపితే ఏమీ తేడా చూపించలేదు.

పాలకొండ, కడప

మల్టీమీటర్ సెకనుకు కొన్నిసార్లే చదువుతుంది, మైక్రోసెకన్ల తెంపు దానికి కనబడదు. ఓసిలోస్కోప్ ఉంటే సింగిల్ ట్రిగర్‌లో పెట్టండి. లేకపోతే 74హెచ్‌సీ74 ఫ్లిప్-ఫ్లాప్ (ఒక్కసారి వచ్చిన సంకేతాన్ని పట్టి ఉంచే చిప్పు) ఒకటి చాలు. స్విచ్ ఒక కొస నెగటివ్ లైనుకు, రెండో కొస 1 కిలోఓమ్ రెసిస్టర్‌తో 5 వోల్టులకు, ఆ కొసనే క్లాకు కాలికి కలపండి. డీ కాలును 5 వోల్టులకు కట్టివేసి, అవుట్‌పుట్‌కు ఎల్ఈడీ పెట్టండి. రీసెట్ చేసి మొదలుపెట్టాక స్విచ్ ఒక్క మైక్రోసెకను విడిపోయినా ఎల్ఈడీ వెలిగి, అలాగే ఉండిపోతుంది.

పరీక్షకు ముందు స్విచ్ స్థానంలో ఒక తీగ ముక్క సోల్డర్ చేసి ఊపి చూడండి. అప్పుడూ ఎల్ఈడీ వెలిగితే అది మీ తీగలు పట్టుకున్న గోల, స్విచ్ లోపం కాదు. ఊపడానికి వడ్రంగుల దగ్గర ఉండే ఆర్బిటల్ శాండర్ బాగా పనికొస్తుంది. నిమిషానికి 12,000 చుట్లు తిరిగే శాండర్ అంటే 200 హెర్ట్జ్, డేటాషీట్ చెప్పని ప్రాంతంలోకి మిమ్మల్ని తీసుకుపోతుంది. బేను దాని అడుగుకు మూడు దిక్కుల్లోనూ మార్చి మార్చి అదిమి పట్టండి. తాడు గుంజుడుకు మాత్రం ఇది సరిపోదు. దానికి బేను నిజమైన తాడుతోనే కట్టి ఎత్తు నుంచి వదిలి, తాడు చివర ఆగేలా చేయండి.

అనంత నింగి, అనంతపురం

పరీక్షలు చేశాము. తెలిసినవారి వడ్రంగి దుకాణంలో శాండర్ అడిగి తీసుకున్నాము. తీగ ముక్కతో ఎల్ఈడీ వెలగలేదు. స్లయిడ్ స్విచ్‌తో, మీట కదిలే దిశలో అదిమి పట్టగానే వెలిగింది. అడ్డంగా పట్టినప్పుడు కాస్త ఆలస్యంగానైనా వెలిగింది. మీటకు టేపు వేసి చూపించాను, తేడా ఏమీ లేదు. మా బృందంలో ఆ వాదన అంతటితో ముగిసింది. రోటరీ స్విచ్ శాండర్ మీద మూడు దిక్కుల్లోనూ నిలిచింది కానీ, తాడుతో వదిలినప్పుడు ఒకసారి ఎల్ఈడీ వెలిగింది. స్క్రూ స్విచ్ రెండింటిలోనూ నిలిచింది.

మేడం చెప్పినట్టే రెండు లైన్లూ విడదీస్తున్నాము. చిప్పుకు పిన్ను, మాస్‌ఫెట్, వెనుక డయోడ్, 470 మైక్రోఫారడ్లు. ఇ-మ్యాచ్ లైనుకు స్క్రూ స్విచ్. రైలు మీద ముందు పిన్ను లాగి, బీప్‌లు విని, సెన్సర్ సరిగా ఉందని తెలిశాకే స్క్రూ బిగించాలని క్రమం రాసుకున్నాము. ప్రయోగం వద్దనుకుంటే ముందు స్క్రూ వదులు చేసి, ఆ తరువాతే పిన్ను గుచ్చాలి.

బురుజు కింద, కర్నూలు

క్రమం సరిగ్గా ఉంది. నేనైతే రెండు లైన్లకూ స్క్రూ స్విచ్‌లే పెట్టేవాణ్ణి, భాగాలు తక్కువ ఉంటే తనిఖీ తేలిక. అయినా మీ ఏర్పాటులో లోపం చెప్పలేను. స్క్రూ బిగించేవారు రాకెట్ పక్కన నిలబడాలి, ట్యూబు కొసల ఎదురుగా ముఖం పెట్టకూడదు. స్క్రూ ఎత్తు నిలబడిన మనిషి ఛాతీ దగ్గరకు వచ్చేలా చూసుకోండి. నిచ్చెన ఎక్కి బిగించే పరిస్థితి రాకూడదు.

పాలకొండ, కడప

రంధ్రాల విషయం మరిచిపోకండి. బీఎంపీ280 సెన్సర్‌కు గాలి అందే వెంట్ రంధ్రాల మొత్తం వైశాల్యం బే పరిమాణాన్ని బట్టి లెక్కిస్తారు. 2 మిల్లీమీటర్ల వెంట్లు మూడు పెట్టారనుకుంటే అవి మొత్తం 9.4 చదరపు మిల్లీమీటర్లు; స్క్రూడ్రైవర్ కోసం చేసే 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే 28 చదరపు మిల్లీమీటర్లు. ఒక పక్కన మాత్రమే అంత పెద్ద రంధ్రం ఉంటే, రాకెట్ కొంచెం వాలినా గాలి అందులోకి దూరి పీడనం కొలత తప్పుతుంది. స్క్రూ బిగించిన వెంటనే ఆ రంధ్రం మీద టేపు వేయాలని మీ క్రమంలో చేర్చండి. పిన్ను రంధ్రాన్ని మాత్రం 2 మిల్లీమీటర్లకే పరిమితం చేసి, మూడు వెంట్లలో ఒకటిగా లెక్కలోకి తీసుకోండి.

అనంత నింగి, అనంతపురం

తప్పకుండా మేడం. పిన్నుకు 1.5 మిల్లీమీటర్ల స్టీలు తీగ వాడుతున్నాము కాబట్టి 2 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. మిగతా రెండు వెంట్లను దానికి 120 డిగ్రీల ఎడంగా, అదే ఎత్తులో గుర్తు పెట్టాము. స్క్రూ రంధ్రానికి వేసే టేపును ముందే కత్తిరించి, ట్యూబు మీదే పక్కన అంటించి ఉంచుతాము.